నిరుద్యోగం తగ్గిన ఊరికి ఒక పూట ప్రయాణం

ముందుగా క్షమించండి. నా రాత కోడి గెలికినట్టుంటుంది, ఒత్తులూ దీర్ఘాలూ సరిగా పడవు. మా ఊరి బడిలో ఏడో తరగతితో ఆపేశాను. కాగితం మీద రాసిస్తే మేనల్లుడి భార్య లలిత టైపు చేసి బ్లాగులో పెడుతోంది. నలుగురిలో నోరు విప్పే మనిషిని కాను. ఈసారి కోపం పట్టలేక రాస్తున్నాను. అమెరికాలో చిన్న ఊళ్ళో స్టోర్ కొందామని చూడబోయేవాళ్ళకు పనికొస్తుంది.

మేనల్లుడు ప్రసాద్ ఉండేది నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌లో. నేనూ ఇప్పుడు వాళ్ళింట్లోనే ఉంటున్నాను. ఐటీ ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది. పడమటి వైపు ఒక మిల్లు ఊళ్ళో గ్యాస్ స్టేషనూ, అంటే మన పెట్రోలు బంకు, దానికి ఆనుకున్న స్టోరూ అమ్మకానికున్నాయని బ్రోకర్ చెప్పాడు. ఉన్నదంతా అందులో పెట్టాలని వీడి ఆలోచన. శుక్రవారం సంతకం. ఆ కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిదే, నిరుద్యోగం ఏడాదిగా తగ్గుతోందని బ్రోకర్ ఇచ్చిన కాగితంలో కిందికి దిగుతున్న గీత గీసి ఉంది. "డేటా క్లియర్‌గా ఉంది మామయ్యా, ఏరియా రికవర్ అవుతోంది" అన్నాడు. నేను మన దేశంలో ముప్పై ఏళ్ళు నూలు మిల్లులో చేసినవాణ్ణి. నేనూ వస్తానన్నాను.

మంగళవారం ఎనిమిదింటికి బయల్దేరి నంబర్ ఫార్టీ హైవే మీద పడమరగా రెండున్నర గంటలు వెళ్ళాం. రానూపోనూ పెట్రోలుకు నలభై డాలర్లయింది. స్టోర్ శుభ్రంగానే ఉంది. రోడ్డుకు అవతల ఎర్ర ఇటుకల మిల్లు, గేటు తెరిచే ఉంది. షిఫ్టు దిగినవాళ్ళంతా ఇక్కడికే వస్తారని బ్రోకర్ మాట.

పక్కనే ఒక చిన్న హోటలుంది, రెండింటికి మూసేస్తారు. శాకాహారులకు దొరికేది బంగాళాదుంపల వేపుడు, రొట్టె, ఆరు డాలర్లు. వండేదీ వడ్డించేదీ డెబ్రా అనే ఆమె. "ఈ పెద్దాయనకు మాటలు రావా?" అని ప్రసాద్‌ని అడిగింది. నూలు మిల్లు మనిషినని వాడు చెప్పగానే తన చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టింది. తెగిన దారాలు అతికీ అతికీ కాయలు కాచిన వేళ్ళు, ఇద్దరివీ.

నిరుద్యోగం తగ్గిందట కదా అని ప్రసాద్ అడిగాడు. ఆమె పగలబడి నవ్వింది. ఆమె చెప్పింది వాడు నాకు తెలుగులో చెప్పాడు. "మా ఆయన్ని మిల్లులో తీసేశారు. రెండేళ్ళు వెతికి మానేశాడు. వెతకనివాణ్ణి నిరుద్యోగి కింద లెక్కేయరట. అలా సోఫా దిగకుండానే కౌంటీని బాగుచేశాడు మహానుభావుడు!"

"ఒకావిడ మాట డేటా కాదు మామయ్యా" అన్నాడు వాడు బయటికొచ్చాక.

"మూడింటి దాకా ఉందాం" అన్నాను.

మనుషులున్న మిల్లు గేటు ఎలా ఉంటుందో నాకు తెలుసు. షిఫ్టు మారే వేళకు అరగంట ముందే టీ కొట్టువాడు గ్లాసులు కడిగి వరసగా పెట్టుకుంటాడు. ఇక్కడ మూడింటికి తొమ్మిది మంది బయటికొచ్చారు. కార్లెక్కి పోయారు. ఒక్కరూ రోడ్డు దాటలేదు. లోపలికి వెళ్ళేవాళ్ళు అసలే లేరు. అంటే రెండో షిఫ్టే లేదు.

కార్లో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చింపెయ్‌రా ఆ కాగితం!"

"అందులో అబద్ధమేం లేదు మామయ్యా. రూల్ అంతే."

"రూలొచ్చి నీ స్టోర్లో పాలు కొంటుందట్రా?"

కారు హైవే ఎక్కించాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నేనూ అప్లై చేయడం మానేసి రెండు నెలలైంది. లలితకు చెప్పలేదు." ఇంటికొచ్చాక తనే చెప్పాడు, అందుకే రాయగలుగుతున్నాను.

ఇంజనీరింగ్ చదివినవాడు ఆశ వదిలేసుకుంటే, మా కౌంటీలోనూ నిరుద్యోగం ఒక మనిషంత తగ్గి ఉంటుంది. ఆ గీత చూసి ఎవడో సంతోషించి ఉంటాడు. మనిషి కూలబడిపోతే ఊరు కోలుకుందని రాసుకునే లెక్క ఏం లెక్కండీ? నా ఒళ్ళు మండిపోతోంది.

మీరు చూడబోతే ఒకటే చేయండి. బ్రోకర్ రమ్మన్న వేళకు కాదు, షిఫ్టు మారే వేళకు వెళ్ళి గేటు దగ్గర నిలబడండి. బయటికి వచ్చేవాళ్ళనే కాదు, లోపలికి వెళ్ళేవాళ్ళనూ చూడండి.

ప్రసాద్ ఇంకా బ్రోకర్‌కు వద్దని చెప్పలేదు. వేరే దారేముంది మామయ్యా అంటున్నాడు. ఇలాంటి ఊళ్ళో స్టోర్ నడిపినవాళ్ళుంటే, నిలబడిందో మూతపడిందో ఉన్నదున్నట్టు రాయండి. నా మాట వాడు వినడు, మీది వింటాడు. శుక్రవారం పొద్దున పదింటికి సంతకం. దయచేసి గురువారం లోపల జవాబివ్వండి.