నాలుగు దీపాల డబ్బా

మొన్న మా కోడలు ఆన్‌లైన్‌లో తెప్పించిన చిన్న బిళ్ళ ఒకటి తెచ్చి వంటగట్టు మీద కుక్కరు పక్కన పెట్టి, "అత్తయ్యా, యే సీటీ గిన్‌తా హై, ఇక మీరు లెక్కపెట్టుకోనక్కర్లేదు" అని చెప్పి, నా మొహం వైపు చూడకుండా తన పనిలో తాను పడిపోయింది. కుక్కరు కూత వేసినప్పుడల్లా దాని మీద ఒక అంకె పెరుగుతుందట. ఎవరైనా అయితే సంతోషించేవారే. నాకు మాత్రం దొంగతనం పట్టుబడ్డట్టు ఒళ్ళంతా ముడుచుకుపోయింది. ఈ మధ్య నాకు కూతలు సరిగ్గా వినబడటం లేదన్న సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పప్పు రెండుసార్లు మాడితే గ్యాసు మంట మీద నెపం పెట్టేశాను. ఆ పిల్ల అంతా కనిపెట్టి, మాట అనకుండా ఈ బిళ్ళ తెప్పించిందన్నమాట.

అది సరే, ఆ బిళ్ళ నాకు కొత్తది కాదు. పాతికేళ్ళ పైమాట, అలాంటిది నేనే చేశాను. చేసి, జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళందరి ముందూ నవ్వులపాలయ్యాను. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు చచ్చినంత సిగ్గు.

నా ఈడువాళ్ళకి తెలిసే ఉంటుంది, ఆ రోజుల్లో పాడైన వస్తువుని పారేయడమన్నది ఎవరి ఊహకీ వచ్చేది కాదు. మా తెలుగు సంఘం హాలు వెనకాల ఒక రేకుల గది ఉండేది, ఎప్పుడూ ఏదో ఒకటి కొడుతూ ఉంటారని దానికి ఖట్‌పట్ గది అని పేరు పడిపోయింది. ఆదివారం భోజనాలయ్యి ఒక కునుకు తీశాక, మూడింటికల్లా ఉక్కు కంపెనీలో పనిచేసే ఇంజనీర్లూ, బాగ్‌బేరా నుంచి రైల్వేవాళ్ళూ, రిటైరయ్యి ఇంట్లో తోచనివాళ్ళూ తలో మూగబోయిన రేడియోనో, తిరగని మిక్సీనో చంకన పెట్టుకుని వచ్చేసేవారు. బాగుచెయ్యడంతో ఆగితే బాగానే ఉండేది, కొత్తవి కనిపెట్టాలన్న పిచ్చి కూడా ఉండేది మా వాళ్ళకి. వడియాల మీద కాకులు వాలితే బెదరగొట్టే యంత్రం ఒకటి చేశారు. దానికి కాకులు బెదరలేదు కానీ, వడియాలు పెట్టిన మామ్మగారు మాత్రం మళ్ళీ ఆ మేడ ఎక్కలేదు. ఆ గదికి పెద్ద మా బావగారు, అంటే మావారి అన్నగారు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, పెళ్ళయ్యాక పోపుల డబ్బా తప్ప వేరే డబ్బా ముట్టని నన్ను ఆ గదికి పిలుచుకెళ్ళి, చేతికి సోల్డరింగ్ కడ్డీ ఇచ్చింది ఆయనే. అందరూ మగవాళ్ళే ఉన్న ఆ గదిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని, అయినా ఆ కాలిన వాసన తగిలితే నాకు పుట్టింటికి వెళ్ళినట్టుండేది.

అప్పట్లో మేమంతా బిర్సానగర్‌లో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం, వంటిల్లు మా అత్తగారిది. ఆవిడది పర్లాకిమిడి దగ్గర ఊరు, మాట కరకు, చెయ్యి అమృతం. అలాంటి మనిషి పప్పు ఒకరోజు మాడడం, ఒకరోజు ఉడక్కపోవడం మొదలయ్యేసరికి ఇంట్లో అందరూ కందిపప్పుని తిట్టారు, కొట్టువాణ్ణి తిట్టారు. నాకు మాత్రం తెలిసిపోయింది. ఆవిడ కుక్కరు కేసి కళ్ళార్పకుండా చూస్తూ నిలబడేది, కూత వినబడక, ఆవిరి ఎప్పుడు లేస్తుందా అని. నేను కనిపెట్టానని ఆవిడకీ తెలిసిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "ఎవులికీ చెప్పకే. తెలిస్తే నన్ను పీట మీద కూకోబెట్టేసి గరిట లాక్కుంటారు" అంది. నేను ఒట్టు పెట్టాను.

ఆ ఒట్టు లోంచి పుట్టింది నా డబ్బా. పాత టేప్‌రికార్డర్ మైకు ఒకటీ, దసరా పందిరి తీగల్లో మిగిలిన ఎర్ర బల్బులు నాలుగూ ఒక బిస్కెట్ల డబ్బాకి బిగించాను. కుక్కరు ఒక కూత వేస్తే ఒక దీపం, రెండో కూతకి రెండో దీపం; నాలుగూ వెలిగితే దింపెయ్యడమే. మాటలకీ, మిక్సీ రొదకీ వెలగకుండా, గట్టి కూతకే వెలిగేలా సరిచెయ్యడానికి నెల పట్టింది. పది గంటల వంటకి అది ఒక్కరోజు కూడా తప్పలేదు. దీపాలెందుకమ్మా, గంట పెట్టొచ్చుగా అని బావగారు అడిగితే, గంటయితే రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్నవాళ్ళు లేస్తారని బొంకాను. అత్తగారి పప్పు మళ్ళీ వెన్నలా ఉడికింది, మామగారు మారు వడ్డించుకున్నారు.

అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండును! ఉగాదికి సంఘం హాల్లో ఖట్‌పట్ గదివాళ్ళు చేసినవన్నీ జనానికి చూపించడం ఆనవాయితీ. నా డబ్బా కూడా పెట్టాలన్నారు బావగారు. నేను వద్దంటే వద్దన్నాను, ఎక్కడ అత్తగారి గుట్టు బయటపడుతుందోనని. కానీ అత్తగారే పట్టుబట్టింది. కోడలు చేసిన డబ్బా, తన కుక్కరు, తనే వండి చూపిస్తుందట. పట్టుచీర కట్టుకుని, ముందురోజే కుక్కరు చింతపండుతో తోమిపెట్టుకుంది.

పన్నెండింటికన్న కార్యక్రమం, పంచాంగ శ్రవణం, ఉపన్యాసాలు, పిల్లల డాన్సులు అయ్యేసరికి రెండు కావస్తోంది, జనం ఆకళ్ళ మీదున్నారు. స్టేజీ మీద స్టవ్వు, కుక్కరు, పక్కన నా డబ్బా. మొదటి కూత వచ్చింది, మొదటి దీపం వెలిగింది, చప్పట్లు కొట్టారు. అత్తగారు నా వైపు చూసి కళ్ళతోనే నవ్వింది. ఆ తరువాత చూస్తే, కుక్కరు ఊరికే కూర్చునుంది, రెండో దీపం వెలిగింది, మూడోది వెలిగింది, నాలుగోది కూడా వెలిగిపోయింది.

కంపెనీ భోంపూ! రెండు గంటల షిఫ్టుకి ఆగి ఆగి మూడుసార్లు మోగే సైరను! ఊరికి కొత్తగా వచ్చిన చుట్టాలు దానికి ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు గానీ, ఈ ఊళ్ళో కాపురమున్న మాకెవరికీ అది వినబడనే వినబడదు. అన్నాళ్ళు డబ్బాతో కుస్తీ పట్టిన నాకు గానీ, ఆదివారాలు మూడింటికి పరీక్షలు పెట్టిన ఆ మహానుభావులకి గానీ, అంత పెద్ద కూత ఒకటి మా నెత్తి మీద రోజూ మోగుతుందని తట్టలేదు. బావగారు నుదురు కొట్టుకుని "అయ్యో, భోంపూ!" అన్నారు, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. అత్తగారు స్టవ్వు ఆపేసింది.

"ఒక్క కూతే కదమ్మా వచ్చిందీ!" అని ముందు వరసలోంచి ఎవరో అరిచారు. హాలంతా గొల్లుమంది. ఆవిడ అదంతా మెచ్చుకోలనుకుని, నవ్వుతూ రెండు చేతులూ జోడించి అందరికీ దండం పెట్టింది. నేను పక్కనే నిలబడి, ఆవిడ కొంగు లాగలేక, అలా చూస్తూ ఉండిపోయాను. ఆవిరి పోనిచ్చి, మూత తీసి, గరిట పెట్టి ఎత్తి చూపించబోయింది. నీళ్ళలో పప్పు గింజకి గింజ విడివిడిగా తేలుతోంది. గరిట కేసి చూసింది, నా కేసి చూసింది. అప్పుడు మా తోడికోడలు, ఆవిడకి ఏ పాపమూ తెలీదు, "అత్తకి వినబడదేటి?" అని పైకే అనేసింది. నవ్వులు ఆగిపోయాయి. ఆ నవ్వులే నయం అనిపించింది నాకు; భూమి విచ్చుకుంటే అందులో దూకేద్దును.

ఇంటికి వచ్చే ఆటోలో నేను తల ఎత్తలేదు. అత్తగారు కుక్కరు ఒళ్ళో పెట్టుకుని, "ఏటే, ఎందుకా మొకం? చెవులు పోయింది నాకు గానీ నీక్కాదు కదా! అందరికీ తెలిసిపోనాది, ఇంక దాచక్కర్లేదు, పేణం హాయిగుంది. ఆ భోంపూ సంగతి చూసి మళ్ళీ చెయ్యి" అంది. నేను మళ్ళీ చేశాను. ఖట్‌పట్ గదికి వెళ్ళే మొహం లేక, వంటింట్లోనే, ఆవిడ టార్చిలైటు పట్టుకుంటే చేశాను. రెండింటి భోంపూకి వెలగడం మానేదాకా వదల్లేదు. గరిట ఎవరూ లాక్కోలేదు, చివరిదాకా ఆవిడ చేతిలోనే ఉంది. కానీ ఎవరైనా వస్తున్నారంటే నేను డబ్బా తీసి బియ్యం డ్రమ్ము వెనకాల దాచేసేదాన్ని, ఆవిడ వెతికి మరీ తెచ్చి వచ్చినవాళ్ళ ముందు పెట్టి, తన చెవుడు గురించీ నా డబ్బా గురించీ ఒకే గర్వంతో చెప్పుకునేది. పరువు పోయింది ఆవిడదైతే సిగ్గు పట్టుకున్నది నాకు. ఆ గదికి నేను మళ్ళీ వెళ్ళలేదు. కొన్నాళ్ళకి పాడైన మిక్సీ తెచ్చేవాళ్ళే లేకపోయారు, పోతే కొత్తది కొనుక్కోవడం వచ్చేసింది జనానికి. ఇప్పుడా గదిలో ప్లాస్టిక్ కుర్చీలు పెడుతున్నారు.

నిన్న ఆదివారం రెండు కావస్తుండగా, కోడలి బిళ్ళని తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద పెట్టాను, ఇదైనా భోంపూకి మోసపోతుందా లేదా అని. చూస్తూ కూర్చున్నాను. సున్నా సున్నాగానే ఉంది. గడియారం రెండు దాటింది. బిళ్ళ గట్టిదా, లేక భోంపూయే మోగలేదా అన్నది నాకెలా తెలుస్తుంది? ఒకప్పుడు అలవాటై వినబడేది కాదు, ఇప్పుడు నిజంగానే వినబడటం లేదు. కోడలు పక్క గదిలోనే ఉంది. అడిగితే నా గుట్టు నేనే బయట పెట్టుకున్నట్టు. చాలాసేపు తటపటాయించి, "భోంపూ మోగిందేటమ్మా?" అన్నాను.

ఆ పిల్ల వచ్చి, నా పక్కన కూర్చుని, నాకు వినబడేలా కాస్త గొంతు పెంచి, "అభీ అభీ, ఇప్పుడే మోగింది అత్తయ్యా" అంది. నవ్వలేదు, నా భుజం మీద చెయ్యి వేసి ఊరుకుంది. ఇప్పటి పిల్లలు ఎంత నాజూకుగా ఉంటారో, ఎవరి సిగ్గూ ఎవరికీ కనబడనివ్వరు, అన్నీ అట్టపెట్టెలో తెప్పించి పక్కన పెట్టేస్తారు. మంచిదే. నాకే ఎందుకో, కుక్కరు ఒళ్ళో పెట్టుకున్న ఆ మనిషి ఒక్కసారి ఎదురుగా వచ్చి, "ఏటే, ఎందుకా మొకం?" అని కసిరితే బాగుండును అనిపించింది.