ముందు వెళ్లి చూసొచ్చే మనిషి

ఫుట్‌బాల్ ఆటగాడిగా ఉన్న పన్నెండేళ్లలో ఆయన వేసిన గోల్ ఒకే ఒక్కటి. అదీ సొంత జట్టు మీదే. అయినా డిఫెండర్‌గా మాత్రం తీసిపారేయాల్సినవాడు కాదు. ఎదుటి జట్టు ఫార్వర్డ్‌ని పట్టుకున్నాడంటే ఆట అయ్యేదాకా వదిలేవాడు కాదు. వాడు మంచినీళ్లకి వెళ్లినా వెనకాలే వెళ్లేవాడు. అందుకే జట్టంతా కలిసి ‘జిగురు’ అని పేరు పెట్టింది. ముప్పై రెండో ఏట మోకాలు మొరాయించింది. కసరత్తులు చేయిస్తున్న ఫిజియోథెరపిస్టు, “ఈ మోకాలు మెట్లెక్కడానికి పనికొస్తుందండీ, ఆటకి పనికిరాదు” అని మొహం మీదే చెప్పేసింది. ఇంత నిజం చెప్పే మనిషిని వదులుకోకూడదని ఆవిణ్ణే పెళ్లి చేసుకున్నాడు.

ఆ తర్వాత వాళ్ల పాత కెప్టెన్ కోచ్ అయ్యి, జిగురుని సహాయకుడిగా పెట్టుకున్నాడు. ఈ కోచ్‌ని అందరూ పెద్దాయన అంటారు. వచ్చే వారం ఎవరితో ఆట ఉంటే వాళ్ల ఊరికి ముందే వెళ్లి, వాళ్ల ఆట చూసి, నోట్‌బుక్కులో రాసుకొచ్చి అప్పజెప్పడం జిగురు పని. బస్సులో కునుకు, బస్టాండులో స్నానం. ఆ బతుకు ఆయనకి భలే నచ్చింది.

చిక్కల్లా ఒకటే. కోచ్‌ని తీసేస్తే ఆయన సహాయకుడూ మూటాముల్లె సర్దుకోవాలి. పెద్దాయనకి నోరెక్కువ, ఓర్పు తక్కువ. పదిహేడేళ్లలో ఏడు ఊళ్లు మారారు. ఏ ఊళ్లోనైనా జనానికి మోకాళ్లు నొప్పెడతాయి కనక భార్యకి ఉద్యోగం దొరికేది. కష్టమంతా కూతురిది. పదహారేళ్లకే ఐదు స్కూళ్లు.

“నాన్నా, ఇక్కడ నాకు స్నేహితులు కుదిరారు. ఇంకో రెండేళ్లు, స్కూలు ఇక్కడే పూర్తి చేస్తా. నువ్వేం చేస్తావో నాకు తెలీదు” అంది ఒకరోజు, అన్నం ముందు కూర్చుని.

చూస్తే జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. ఆఖరి ఆట కనీసం డ్రా చేసుకోకపోతే కింది లీగుకి పోతుంది. పెద్దాయన ఉద్యోగం ఊడుతుంది. ఆయన వెంట జిగురూ ఊరు విడవాల్సిందే.

“డ్రా చేస్తాం తల్లీ” అన్నాడు, తనే బూట్లు కట్టుకుని దిగబోతున్నట్టు.

ఆ ఆఖరి ఆటలో ఎదుటి జట్టు ప్రాక్టీసు చూడ్డానికి టోపీ, నల్లకళ్లద్దాలు పెట్టుకుని వెళ్లాడు. తనని ఎవరూ గుర్తుపట్టరని ఆయనకి గట్టి నమ్మకం. కంచె బయట నిలబడితే, లోపల్నుంచి వాచ్‌మన్ కుర్చీ తెచ్చి వేశాడు. “కూర్చోండి సార్, ఎండగా ఉంది.” ఎంత మర్యాదస్తులో అని మురిసిపోయి కూర్చున్నాడు. తొమ్మిదో నంబరు చొక్కావాడు పది పెనాల్టీలు కొట్టాడు, పదీ గోలీకి కుడివైపే. అదే రాసుకొచ్చాడు.

ఆట రోజు, స్కోరు ఒకటి-ఒకటి మీద ఉండగా, ఆఖరి నిమిషాల్లో ఎదుటివాళ్లకి పెనాల్టీ దొరికింది. తొమ్మిదో నంబరే వచ్చాడు. గీత బయట నిలబడ్డ జిగురు తువ్వాలు ఏ భుజం మీద వేసుకుంటే గోలీ ఆ వైపు దూకాలి. అదీ వాళ్ల సైగ. జిగురు కుడి భుజం మీద వేసుకున్నాడు. అంతలో ఆ కుర్రాడు బంతి పెట్టి వెనక్కి నడిచాడు. పాదాలు లోపలికి తిప్పి వేసే నడక! ప్రాక్టీసులో ఆ నడక పద్నాలుగో నంబరు చొక్కాలో ఉంది. ఆ పద్నాలుగో నంబరు కొట్టినవన్నీ ఎడమవైపే. మర్యాదగా కుర్చీ వేసి మరీ చొక్కాలు మార్చుకుని తనని వెధవని చేశారన్నమాట!

తువ్వాలు ఎడమ భుజం మీదికి లాగేశాడు.

“ఒరేయ్, కుడి అని రాశావు కదరా!” పెద్దాయన కేక పెట్టాడు.

“రాసింది తప్పు అన్నా!”

గోలీ ఎడమవైపు దూకాడు. బంతి వాడి చేతులకి తగిలి బయటికి పోయింది. జట్టు నిలబడింది.

డ్రెస్సింగ్ రూములో అందరూ గంతులేస్తుంటే పెద్దాయన జిగురుని మూలకి లాక్కెళ్లాడు. “పైలీగు జట్టువాళ్లు ఫోన్ చేశార్రా! మనిద్దరినీ రమ్మన్నారు. సోమవారమే ప్రయాణం.”

ఓడితే వెళ్లాలని సీజనంతా హడలి చచ్చాడు గానీ, గట్టెక్కినా వెళ్లాల్సొస్తుందని ఆయన బుర్రకి తట్టనే లేదు.

“నేను రానన్నా. ఇంకో రెండేళ్లు ఈ ఊరు కదలను. ఇక్కడే చిన్నపిల్లల జట్టుకి ఆట నేర్పిస్తా.”

“మరి నాకు ముందు వెళ్లి చూసొచ్చేదెవర్రా?” అన్నాడు పెద్దాయన. ఆ నోట్లోంచి అంత చిన్న గొంతు రావడం జిగురు ఎప్పుడూ వినలేదు. ఇద్దరికీ కళ్లు చెమ్మగిల్లాయి.

ఇంటికొచ్చి సంగతి చెప్పాడు.

“మాట మార్చవుగా?” అంది కూతురు.

“మార్చను.”

ఆమె కత్తెర తీసుకుని గదిలోకి వెళ్లి, మంచం కింద నుంచి రెండు అట్టపెట్టెలు లాగింది. పోయిన ఊళ్లో అంటించిన టేపు అలాగే ఉంది. ఈ ఊరొచ్చి ఏడాదిన్నరైనా ఆ పిల్ల వాటిని విప్పలేదు. ఊరూరా తిరిగి ఎవడు ఎటు తంతాడో చూసొచ్చిన మనిషి, తన ఇంట్లో ఈ సంగతి చూడనే లేదు. సిగ్గుతో తల దించుకున్నాడు.

“నిలబడ్డావేంటి నాన్నా, పట్టు” అంది కూతురు, టేపు కోస్తూ. ఆయన కింద కూర్చుని పుస్తకాలు ఒక్కొక్కటే తీసి అందించాడు, ఆమె అలమారలో పేర్చుకుంది.