షోకేస్‌లో చిక్కిన చిక్కుడు గింజలు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. రెండేళ్ల కిందటి మాట. తొలకరి అప్పుడే పడింది. భద్రాచలం దగ్గర ఒక చిన్న మ్యూజియంలో అటెండర్‌ని నేను. తుడవడం, తాళాలు తీయడం, గూడేల నుంచి వచ్చిన సామాను దుమ్ము దులపడం నా పని.

ఒకనాడు పినపాక వైపు నుంచి ముత్తమ్మ అనే కోయ అవ్వ వచ్చింది. తిన్నగా మూడో షోకేస్ దగ్గరికి పోయి, అందులోని సొరబుర్రను చూసి నెత్తి కొట్టుకుంది.

"గిదే బిడ్డా! ఎండకాలం మీ సారు పాత సామాను అడిగిండు. నీళ్ల బుర్ర ఇయ్యమని కొత్త కోడలికి చెప్పి చేనుకు పోయిన. పొయ్యి మీద రెండు ఏలాడుతుండె, పొగకు రెండూ నల్లగైనయి. అది ఇత్తనాల బుర్ర ఇచ్చింది!"

రోజూ దులిపేదాన్ని నేను. బరువుగా ఉందనిపించినా, లోపల ఏముందో అడిగిన పాపాన పోలేదు.

"మా అత్త ఇచ్చిన చిక్కుడు గింజ. కొత్త చిక్కుళ్ల పండుగకు ఆ కాయనే దేవునికి పెడ్తం. వాన పడ్డది, ఇప్పుడేం ఎయ్యాలె?"

"సంతలో కొనరాదా అవ్వా?"

"అత్తను సంతల కొంటరా?"

క్యూరేటర్ సారును పిలిచాను. మ్యూజియం సామానుకంతా బాధ్యుడు ఆయనే. ఒక వస్తువు రిజిస్టర్‌లోకెక్కి, దానికి యాక్సెషన్ నంబర్ పడితే, అంటే దాని ఇంటి నంబర్ అనుకోండి, ఇక గడప దాటించలేం.

"బుర్ర ఇయ్యలేనవ్వా," అన్నాడు సారు.

అవ్వ నేల మీద చతికిలబడింది. "అయితే నన్ను గూడ అండ్లనే పెట్టు. నాకో నంబరెయ్యి."

సారు నవ్వాపుకుంటూ రిజిస్టర్ తెచ్చి చదివాడు. "సొరబుర్ర, ఒకటి. నీళ్లు తెచ్చుకునేది. గంతే ఉన్నది. గింజల ముచ్చటే లేదు. రాయనిది మనది కాదు, తాళం తియ్యమ్మా!"

అవ్వ మూతి మీది మట్టి గోటితో గీకి, బుర్ర వంచింది. పురుగు పట్టకుండా కలిపిన బూడిదతోపాటు గింజలు జారి ఒళ్లో పడ్డాయి. ఒక గుప్పెడు మినహా అన్నీ మూట కట్టి, ఆ గుప్పెడు తిరిగి లోపల పోసింది. "ఇత్తనాల బుర్ర ఖాళీగ ఉంచొద్దు." వాకిట్లో తడిమట్టి తెచ్చి మూతి మెత్తింది. షోకేస్ మీది 'నీళ్ల బుర్ర' అన్న చీటీని సారు తనే చింపేశాడు.

చలికాలం పండుగకు మమ్మల్ని పిలిచింది. దేవునికి పెట్టాక మొదటి ఆకు సారు ముందే వేసింది. "తిను సారూ. తిన్నవని రిజిస్టర్‌ల రాస్కో!" గూడెమంతా ఒకటే నవ్వు.

అప్పటి నుంచి ఎవరు ఏ వస్తువు తెచ్చినా ముందు ఒక్కటే అడుగుతాను: ఇది లేకపోతే మీ ఇంట్లో ఏ పని ఆగుతుంది? ఆ జవాబు విన్నాకే నంబరు.

విన్న మీ ఇల్లు చల్లగుండాలి. మీ పొయ్యి ఆరకూడదు, మీ పంక్తిలో ఎవరికీ తక్కువ పడకూడదు.