కోడళ్ళ ఊళ్ళతో కబడ్డీ

ఇంకొంచెం ఇటు జరిగి కూర్చోండి తల్లీ. ఆ పీట లాక్కోండి, కాళ్ళు చాపుకుంటే చాపుకోండి, నా ముందర మర్యాదలేం వద్దు. నా ఈడు వాళ్ళయితే వింటూ వింటూ మీ ఊరి ముచ్చట కూడా కలుపుకుంటారు, చిన్నవాళ్ళయితే నవ్వుకుంటారు. ఏదైనా నాకు సమ్మతమే.

మొన్న భూపాలపల్లిలో, మా కొడుకు క్వార్టరులో, కోడలు ఒక చేత్తో ఉల్లిగడ్డలు వేయిస్తూ ఇంకో చేత్తో ఫోను చూస్తోంది. ఈ ఏడు ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే పోటీల గుంపులో ఆడతారు, ఏ గుంపులో చేరమంటారో చెప్పండి అని మనుమరాలి బడివాళ్ళు తల్లిదండ్రులను అడిగారట. కోడలు వేలితో ఒకటి నొక్కింది, ఉల్లిగడ్డలు ఎర్రబడక ముందే ఆ పని అయిపోయింది. నాకు నవ్వు ఆగలేదు. ఎందుకంటే, ఇదే సంగతి తేల్చడానికి మా ఊరు ఊరంతా ఒకప్పుడు బడి వరండాలో కూర్చుంది.

మా ఊరు జనగామకూ నర్సింహులపేటకూ నడుమ ఉంటుంది, ఎటు పోవాలన్నా ఎడ్లబండి మీద పొద్దంతా పట్టేది. అరవై తొమ్మిదిలో తెలంగాణ కొట్లాట జరిగినప్పుడు బడులు మూతబడ్డాయి గదా, ఆ రోజుల్లో మేము ఆడపిల్లలం కోత కోసిన మడిలో కబడ్డీ ఆడీ ఆడీ, బడి తెరిచేసరికి ఎక్కాలు మరిచిపోయాం గానీ కూత మాత్రం గుక్క తిప్పుకోకుండా పెట్టడం నేర్చుకున్నాం. కొత్తగా వచ్చిన డ్రిల్లు సారు అది చూసి, ఈ పిల్లలను పోటీలకు తీసుకుపోవాలని పట్టుబట్టాడు.

అప్పట్లో చుట్టుపక్కల బడులు కొన్ని గుంపుగా చేరి ఏటా పోటీలు పెట్టుకునేవి, ఆ గుంపును సెంటరు అనేవాళ్ళం. మా బడికి డ్రిల్లు సారు ఒక్కడే, రెండు దిక్కులకు పోలేడు, కాబట్టి ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకటే సెంటరు ఉండాలి. జనగామ సెంటరులో మగపిల్లల ఆటలు ఒకనాడు, ఆడపిల్లలవి ఇంకొకనాడు. నర్సింహులపేట సెంటరులో ఇద్దరివీ ఒకేనాడు. అన్నదమ్ములు వెంట లేకుండా ఆడపిల్లను ఊరు దాటనిచ్చే కాలం కాదది. పెద్దలు జనగామ అన్నారంటే మేము ఇంట్లోనే. మా బడి ఏడో తరగతి వరకే, నేనున్నది ఏడులో. ఆ ఏడు ఆడకపోతే ఇక జన్మలో ఆడనని నాకు బాగా తెలుసు.

మగపిల్లలంతా జనగామే కావాలన్నారు. వాళ్ళ జట్టుకు పెద్ద, ఏడులో రెండోసారి కూర్చున్న మా అన్నే. జనగామలో రైలు ఉంది, సినిమా ఉంది, మిర్చి బజ్జీలు ఉన్నాయి, నర్సింహులపేట దిక్కు ఏముంది, పొలాలు తప్ప. బాపు కూడా జనగామ వైపే ఉన్నాడు, కాకపోతే ఆయన కారణం వేరు. నర్సింహులపేట పక్కనే మా అమ్మ పుట్టిల్లు. అంతకు ముందెప్పుడో మా మేనమామ పెళ్ళిలో, ఇంటి అల్లుడికి పడవలసిన మూలుగ నిండిన నల్లిబొక్క పొరపాటున ఎవరో పట్వారి విస్తట్లో పడింది. బాపు విస్తరి ముందు నుంచి లేచాడు, ఇంటికి వచ్చాడు, ఆనాటి నుంచి మా అమ్మను పుట్టింటికి పంపలేదు. బొక్క తిన్న పట్వారి సుఖంగానే ఉన్నాడు, నడుమ అమ్మకు తల్లి ముఖం కరువైంది. అమ్మ ఏనాడూ నోరు తెరిచి అడిగింది లేదు.

పెద్దలు కూర్చునే ముందునాడు నేను పొయ్యి దగ్గర ఏడుస్తుంటే అమ్మ చూసింది. పోయి నాయినమ్మ కాళ్ళు పిసుకుతూ, ఏదో గాలిమాట అన్నట్టుగా అంది.

"అత్తా, జనగామ సెంటర్ల మా ఆడిబిడ్డ ఊరు సుత ఉన్నదట గదా. మనోళ్ళు ఆ ఊరోళ్ళను ఓడగొడ్తే, పాపం ఆమెకు ఎట్లుంటదో ఏమో."

నాయినమ్మ మూసిన కళ్ళు తెరిచింది. ఆమె ఒక్కగానొక్క బిడ్డను ఇచ్చింది ఆ సెంటరులోనే ఉన్న నర్మెట్ట దిక్కు ఊరికే.

తెల్లారి వరండాలో పెద్దలు జనగామ అని తేల్చబోతుండగా నాయినమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి నడుమ కూర్చుంది.

"ఏందిరా, పిల్లనిచ్చిన ఊరి మీదికి పోతరా? మనం గెల్సినమనుకో, ఆడ నా బిడ్డను వాళ్ళత్త ఊకుంటదా? మీ ఊరోళ్ళు మా పిల్లలను మట్టి కరిపిచ్చిండ్రని కూడు పెట్టేకాడల్ల దెప్పదా?"

వెనక నుంచి ఎవరో ఊరుకోక, మరి ఓడిపోయి వస్తే సరే గదనే పెద్దవ్వా అన్నారు.

"ఓడుడుకు గంత దూరం పోవుడెందుకురా, ఇంటికాడ ఓడ్తలేవా నీ పెండ్లాం చేతుల?"

వరండా అంతా నవ్వులు. నవ్వినవాళ్ళలో జనగామ దిక్కు అక్కనో చెల్లెనో ఇవ్వనివాడు ఒక్కడూ లేడు, అందుకే నవ్వు సగంలోనే ఆగింది. ఒక్కొక్కరూ వేళ్ళ మీద ఊళ్ళు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. నాయినమ్మ తీర్పు చెప్పింది.

"గెల్సుకునేటిదుంటే కోడండ్ల ఊర్ల మీద గెల్వుండ్రి. పిల్లనిచ్చినోళ్ళు, మనల ఏమంటరు?"

మా ఊరి కోడళ్ళలో ఎక్కువమంది నర్సింహులపేట దిక్కు నుంచి వచ్చినవాళ్ళే. మీసాలున్నవాళ్ళు మీసాలు దువ్వారు. అన్న మాత్రం సినిమా అని ఏదో గొణిగాడు, నాయినమ్మ కర్ర ఎత్తింది, సినిమా మాట అంతటితో సరి. నర్సింహులపేట ఖాయమయ్యాక డ్రిల్లు సారు లేచి, ఈ ఏడు ఆ సెంటరు పోటీలు ఫలానా ఊరి బడి ముందర అని మా అమ్మమ్మ ఊరి పేరు చెప్పాడు. బాపు ముఖం చూడాలి మీరు. ఎదిగిన పిల్లల వెంట తల్లులు పోకుంటే ఎట్ల అని నాయినమ్మ అనేసరికి ఆ ముఖం ఇంకా పొడుగైంది. సొంత తల్లి మాట, అదీ నలుగురిలో, కాదనలేకపోయాడు. గోడవతల నిలబడిన కోడళ్ళంతా తలలు వంచుకున్నారు. తమ పుట్టిళ్ళను ఓడగొడతామంటే ఒక్కతీ నొచ్చుకోలేదేమిటని ఆ మగవాళ్ళలో ఎవరికీ అనుమానం రాలేదు!

బండ్లు కట్టి, సద్దులు కట్టి, ముందునాడే పోయాం. పోటీలనాడు లంగాలు గోచి పోసి, మీద అన్నల అంగీలు తొడుక్కుని గీత దగ్గర నిలబడి వెనక్కి చూసుకుంటే మా దిక్కు డ్రిల్లు సారు తప్ప నరమానవుడు లేడు. వెంట వచ్చిన తల్లులంతా అవతలి దిక్కు పోయి, తమ తల్లుల పక్కన, వదినెల పక్కన కూర్చుని ముచ్చట్లలో పడ్డారు. మా ఎదుటి జట్టులో మేనమామ బిడ్డ ఉంది. ఆ పిల్ల కూతకు వస్తే అమ్మ చప్పట్లు కొట్టింది, నేను కూతకు పోతే మళ్ళీ అమ్మే చప్పట్లు కొట్టింది. సారుకు ఒళ్ళు మండింది.

"ఏమ్మా, ఇంతకూ మీరు ఏ దిక్కు?"

"ఏం జెయ్యాలె సారూ, గా పిల్ల నా అన్న బిడ్డ, గీ పిల్ల నా కడుపుల పుట్టింది. ఎవ్వలు పడ్డా మన్ను నా కండ్లల్లనే పడ్తది."

ఆట సరిసమానంగా సాగి చివరి కూతకు వచ్చింది, అది నాదే. ఒకదాన్ని తాకి తిరుగుతుంటే మేనమామ బిడ్డ నా కాలు దొరకబుచ్చుకుంది. నేను బోర్లా పడి, కూత వదలకుండా గీత దిక్కు పాకుతున్నాను. అంతలో జనంలో నుంచి మా అమ్మమ్మ కొంగు దోపుకుని నేరుగా ఆటలోకే వచ్చేసింది.

"ఇడువే పొల్లా! ఎన్నొద్దులకో వచ్చిన ఆడిబిడ్డ బిడ్డను గట్లనా గుంజేది? చుట్టమొస్తే కాళ్ళకు నీళ్ళిస్తరు గానీ కాళ్ళు పట్టి ఈడుస్తరా?"

ఆ పిల్ల భయపడి వదిలేసింది, నేను గీత తాకాను. ఆట చూసే పెద్దమనిషి నోట్లో ఊదే పీక అట్లాగే ఉండిపోయింది. తమ ఊరి ముసలమ్మే ఎదుటి జట్టును కాపాడితే ఎవరిని తప్పుపట్టాలో ఆయనకు పాలుపోలేదు. చివరికి రెండు బడుల సార్లూ మాట్లాడుకుని, ఆ కూత మళ్ళీ పెట్టాలన్నారు. నేను గీత దాటాను, కబడ్డీ కబడ్డీ అంటూ ముందుకు పోయాను. ఎదురుగా మేనమామ బిడ్డ, అమ్మమ్మ ఎక్కడుందోనని దొంగచూపులు చూస్తోంది. అంతే, నాకు నవ్వు తన్నుకొచ్చింది, కూత తెగింది. ఓడిపోయాం. జన్మలో ఒకే ఒక్కసారి ఆడిన పోటీ, అది నవ్వి ఓడిపోయాను.

మగపిల్లలు గెలిచారట. అప్పటికి జనమంతా చుట్టాల ఇళ్ళకు తిండికి పోయారు, చూసినవాళ్ళు లేరు. ఇప్పటికీ అన్న ఆ మాట ఎత్తితే ఇంట్లో ఎవరూ నమ్మరు.

ఆ సాయంత్రం అమ్మమ్మ ఇంట్లో నేను మొగం కడుక్కుంటుంటే లోపలి నుంచి ఎవరో పగలబడి నవ్వుతూ, గడగడా మాట్లాడుతూ వినిపించారు. ఎవరా ఈ గయ్యాళి అని తొంగి చూస్తే మా అమ్మ! మా ఇంట్లో ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. నాయినమ్మ చెవిలో అమ్మ వేసిన ఆ మాట నా ఒక్కదాని కోసమే కాదని అప్పుడు తెలిసింది.

నా చదువు ఏడుతోనే ఆగింది గానీ మా బడి ఆ సెంటరును వదలలేదు. నా చెల్లెళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆడారు, ఏటా అమ్మ వెంట పోయింది. కొన్నేళ్ళకు, పిల్లలను ఆడవాళ్ళతో ఎట్లా పంపుతామంటూ బాపే బండి తోలుకుని అత్తగారింటి ముందర ఆపాడు.

ఇప్పుడు రోడ్లు బాగున్నాయి, పొద్దున పోయి పొద్దుగూకే లోపల రావచ్చు. పుట్టింటికి పోవడానికి ఏ కోడలూ ఎవరి కాళ్ళూ పిసకనక్కరలేదు, మంచిదే. కానీ తేలికగా పోగలిగిన చోటికి రేపు పోదాంలే అనుకుంటాం, ఆ రేపు ముందుకు జరుగుతూనే ఉంటుంది. పోయినా చెప్పులు విడవకుండానే చాయ తాగి వచ్చేస్తున్నాం, కడుపునిండా నవ్వి వచ్చేవాళ్ళు తగ్గారు.

మీ ఇల్లు చల్లగుండాలి తల్లీ. మీ ఇంటి ఆడపిల్లలు పడ్డా నవ్వుతూ లేవాలి, మీ ఇంటి కోడళ్ళ గొంతులు వాకిట్లోకి వినిపించాలి, వచ్చిన చుట్టం ఒక్క పూటైనా ఎక్కువ ఉండిపోవాలి.