దొమితిలా మూడో భాష

సముద్రం మీంచి వచ్చిన మంచు ఇంకా విడవకముందే పరాయి దేశానికి వలసొచ్చిన దొమితిలా శాంటా మరియా ఊరి తోటల్లో వంగి స్ట్రాబెర్రీలు కోసేది. కోస్తూనే, ముందురోజు సాయంత్రం కమ్యూనిటీ కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లీషు మాటలు పెదవుల మీద ఆడించుకునేది. అవి ఎవరో దూరాన పాడుతున్న పాటలా ఆమెను ఎక్కడికో తీసుకుపోయేవి.

"ఏం వదినా, పళ్ళకు ఇంగ్లీషు నేర్పుతున్నావా?" అని పక్క సాలులోంచి హసింతా ఎకసెక్కం చేసేది.

"నేర్పితే తప్పేముందే? రేపు ఇవి వెళ్ళేది తెల్లవాళ్ళ ఇళ్ళకేగా!"

అలా అయిదేళ్ళు చదివి, నలభై నాలుగో ఏట ఒక ఆసుపత్రిలో దుబాసీగా చేరింది.

మొదటి రోజే, నెలలు నిండిన ఒక పిల్ల మంచం మీద బిగుసుకుపోయి కనిపించింది. నర్సులు స్పానిష్‌లో ఎన్ని అడిగినా పలకడం లేదు. ఆ పిల్లకు వచ్చింది దొమితిలా పుట్టిన వాహాకా కొండల్లోని మిస్టెకో భాష ఒక్కటే. దొమితిలాకు తల్లి నేర్పిన భాష కూడా అదే.

డాక్టరమ్మ కడుపులో బిడ్డ సంగతి ఇంగ్లీషులో చెప్పింది. దొమితిలా ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరగతిలో నేర్చిన మాటలు తనలోకి దిగి, తన తల్లి గొంతుతో పైకి వస్తున్నట్టనిపించింది.

"బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోందమ్మా. భయం లేదు," అంది మిస్టెకోలో.

ఆ పిల్ల గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుని, ఏడుస్తూనే ఏకబిగిన ఏదేదో చెప్పింది.

"ఏమంటోంది?" అని డాక్టరమ్మ కంగారుగా అడిగింది.

"పొద్దుట్నుంచి ఆకలేస్తోందట. ఎవరికెలా చెప్పాలో తెలియలేదట," అంది దొమితిలా ఇంగ్లీషులో, నవ్వుతూ.