కంపాలా కొలతల పుస్తకం

కంప్యూటర్ ఉద్యోగాలు జోరుమీదున్న రోజుల్లో, జురాంగ్ ఈస్ట్ అనే పేటలోని మా ఫ్లాట్‌లో ఒక గదిలో ఇంజనీరు కుర్రాడొకతను అద్దెకుండేవాడు. ఏ పుస్తకమైనా కళ్ళకద్దుకున్నాకే తెరిచేవాడు. ఆఫ్రికాలోని కంపాలా నగరంలో చిన్న దుకాణాలు పెరగడానికి ప్రోగ్రాములు రాయడం అతని పని. అక్కడ బట్టలు కుట్టే ఒకావిడ కొలతల పుస్తకాన్ని, కంప్యూటర్లోకి తనే ఎక్కిస్తానని పోస్టులో తెప్పించుకున్నాడు. దాన్నీ అలాగే కళ్ళకద్దుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసింది. కొలతలున్న కంప్యూటర్ పాడైందట. ఆవిడ బట్టలు కుట్టాల్సిన పెళ్ళి ఎల్లుండే. పెళ్ళివారిది దూరపు ఊరు, మళ్ళీ కొలతలు తీసే వీల్లేదు. ఈ పని చెడితే ఇక ఎవరూ ఆ దుకాణం గడప తొక్కరు.

"పుస్తకం నా దగ్గర పెట్టుకుని ఆవిడ నోట్లో మట్టి కొట్టానక్కా," అన్నాడు.

"ఏడుపు తర్వాత. లైనుండగానే చదువు నాయనా," అన్నాను.

ఒక్కో అంకె రెండేసిసార్లు చదివాడు. మధ్యలో రెండుసార్లు లైను తెగింది. మా నాన్న ఇంట్లో నేర్పిన ఇంగ్లీషుతో నేనూ సరిచూస్తూ, లోపల దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాను. చదవడం అయినా అతను ఫోన్ పెట్టెయ్యలేదు. కాసేపటికి రిసీవరు నా చెవికి ఆనించాడు. అటువైపు కత్తెర గుడ్డను కోసుకుంటూ పోతోంది. ఆ చప్పుడు వినిపించిన దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.