మా బ్లడ్ బ్యాంకు సర్వర్‌కు ఏ లినక్స్?

నయాపూల్ దగ్గర ఒక బ్లడ్ బ్యాంకులో కంప్యూటర్ల బాధ్యత నాది. రక్తం నిల్వల డేటాబేస్ ఉన్న సర్వర్ పాతబడింది, దాన్ని నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయి. లినక్స్‌లో చాలా రకాలున్నాయి, కొత్త సర్వర్‌లో ఏది వేయాలో ఈ రోజు తేల్చాల్సి వచ్చింది. కొత్తగా వచ్చినది వేగంగా నడుస్తుంది, కానీ మా డేటాబేస్‌ను దాని మీద నడిపి చూసినవాళ్లు తక్కువ. ఇంకొకటి నెమ్మది, ఏళ్లుగా నిలబడింది.

మేనేజర్ సలీం భాయ్ విసుక్కున్నారు. "అన్నీ లినక్సే కదమ్మా! ఏదో ఒకటి వెయ్యి. గింత ఫికర్ ఏంది?"

నేను జవాబు చెప్పేలోపే పాత సర్వర్ ఆగిపోయింది. అప్పుడే ఒకాయన ఓ నెగెటివ్ రక్తం కోసం కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"మా చెల్లెకు ఆపరేషన్ నడుస్తుంది మేడం. ఉందా లేదా, జల్ది చెప్పుండ్రి."

నిల్వల లెక్కంతా ఆగిపోయిన సర్వర్‌లోనే ఉంది. సలీం భాయ్ ఫ్రిజ్‌లు తెరిచి ఒక్కో బ్యాగూ చూస్తూ వెతికారు. చివరికి దొరికింది. ఆయన రక్తం తీసుకుని వెళ్లాక సలీం భాయ్ మెల్లగా అన్నారు: "నీకు పక్కా అనిపించిందే వెయ్యమ్మా."

నెమ్మదైనదే వేశాను. పెళ్లికి కూడా ఇంత ఆలోచించి ఒప్పుకోలేదు. మీరైతే ఏది వేసేవారు? నా ఎంపిక తప్పయితే, అది తెలిసే రోజు కౌంటర్ ముందు ఎవరు నిలబడి ఉంటారోనని నాకు భయంగా ఉంది.